విమానం ఎక్కే ముందు వారాలు

హైదరాబాదులో ఒక శిశుగృహలో సోషల్ వర్కర్‌గా చేసి రిటైరయ్యాను. అమెరికా నుంచి వచ్చిన మన తెలుగు దంపతులు, ఇటలీ నుంచీ స్పెయిన్ నుంచీ వచ్చినవాళ్లు బిడ్డను దత్తత తీసుకోవడం, పాస్‌పోర్టు, వీసా చేతికొచ్చేదాకా బిడ్డతో ఈ ఊళ్లోనే ఉండటం దగ్గరుండి చూశాను. ఇప్పటికీ ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. "ఆంటీ, వీసా తొందరగా రావాలంటే ఎవర్ని కలవాలి?" అని అడుగుతారు. ఆ తొందర చూస్తే నాకు బాధేస్తుంది. బిడ్డ చుట్టూ మనుషులు మాత్రమే మారి, ఎండ, వాసన, తిండి, మాట ఏవీ ఇంకా మారకుండా ఉండే కాలం ఆ కొన్ని వారాలే. విమానం ఎక్కాక అవీ మారిపోతాయి. అందుకని ఆ వారాల గురించి నాకు తెలిసింది రాస్తున్నాను.

1. ఒకసారికి ఒక్కటే మార్చండి

శిశుగృహలో పెరిగిన రెండేళ్ల బిడ్డకు తెలిసిన లోకం ఏమిటి? ఒక హాలు, వరసగా మంచాలు, రాత్రంతా వెలిగే చిన్న లైటు, గిర్రున తిరిగే ఫ్యాను, చుట్టూ పదిమంది పిల్లల ఊపిరి. ఎవరో ఒకరు దగ్గుతుంటారు, ఎవరో ఒకరు ఏడుస్తుంటారు. పొద్దున్నే పాలు, మధ్యాహ్నం మెత్తగా పిసికిన పప్పన్నం. మీరు ఇంటికి తీసుకెళ్లిన మొదటి రాత్రికే ఇదంతా మాయమవుతుంది. ఏసీ వేసి తలుపు మూస్తే మీ గదిలో చప్పుడుండదు. లైటు ఆర్పితే చీకటి. మీకు హాయిగా ఉంటుంది. ఆ బిడ్డ పుట్టి బుద్ధెరిగాక ఒక్కరాత్రి కూడా అంత నిశ్శబ్దంలో పడుకుని ఉండదు.

అందుకని లైటు వెలగనివ్వండి. ఏసీ బదులు ఫ్యాను వేయండి. బిడ్డ పక్కనే, చెయ్యి అందేంత దూరంలో పడుకోండి. అక్కడ ఏ వేళకు ఏం పెట్టేవారో ఇక్కడా ఆ వేళకు అదే పెట్టండి. మీరు సూట్‌కేసు నిండా తెచ్చిన కొత్త గౌన్లు ఆగుతాయి. శిశుగృహలో వేసిన పాత జుబ్బా, రంగు వెలిసిన నిక్కరు ఇంకో నాలుగు రోజులు వేయండి.

మన తెలుగువాళ్లకు ప్రత్యేకంగా చెప్పాల్సినది ఒకటుంది. బిడ్డ చేతికి రాగానే తిరుమల వెళ్లి తలనీలాలు ఇవ్వాలంటారు. చెవులు కుట్టించాలంటారు. ఊరెళ్లి కులదేవతకు చూపించాలంటారు. మొక్కు ఉంటే ఉండనివ్వండి, స్వామి ఎక్కడికీ పోడు. మిమ్మల్ని చూసి వారం కూడా కాని బిడ్డను, వేలమంది జనంలో, ముక్కూమొహం తెలియని మనిషి కత్తి ముందు కూర్చోబెట్టి తల కదలకుండా గట్టిగా పట్టుకునే చేతులు మీవి కాకూడదు. ఆ వారాల్లో మీ చేతుల నుంచి బిడ్డకు నొప్పి అందకూడదు. ఏడాది తర్వాత సెలవులకు వచ్చినప్పుడు, "అమ్మ ఉందిలే" అనే ధైర్యం బిడ్డకు కలిగాక, మొక్కు తీర్చుకోండి. పెద్దవాళ్లు నొచ్చుకుంటే ఈ మాట నేను చెప్పానని చెప్పండి.

2. బిడ్డను మీ దగ్గరికి తెప్పించుకోకండి, మీరే వెళ్లి కూర్చోండి

ఆఫీసు గదిలో సోఫా మీద కూర్చుంటే ఆయమ్మ బిడ్డను ముస్తాబు చేసి తెచ్చి ఒళ్లో పెడుతుంది, ఫోటో తీస్తారు, సంతకాలు పెట్టిస్తారు. అలా జరగనివ్వకండి. సంస్థ వాళ్లను అడిగి, కుదిరినన్ని పూటలు లోపల హాల్లో నేలమీద కూర్చోండి. మొదటి పూట బిడ్డను ఎత్తుకోవద్దు. అన్నం పెట్టేటప్పుడు చూడండి, స్నానం పోసేటప్పుడు చూడండి, నిద్రపుచ్చేటప్పుడు చూడండి.

ఫైలులో లేనివి ఆయమ్మకు తెలుసు. బిడ్డ గురించిన నివేదికలో బరువు, పొడవు, టీకాలు, నడక ఎప్పుడు వచ్చింది అన్నీ ఉంటాయి. ఏ పక్కకు తిరిగి పడుకుంటుంది, నిద్రొస్తే చెవి లాక్కుంటుందా, జుట్టు పట్టుకుంటుందా, నీళ్లు నెత్తిన పోస్తే ఏడుస్తుందా, భుజాల మీద నుంచి పోయాలా, పాలు సీసాలో తాగుతుందా, గ్లాసులోనా, ఎవరి పక్క మంచం, ఏ పిల్లతో జట్టు - ఇవి ఉండవు. నోటుబుక్కు పట్టుకుని అడగండి. ఆమె బిడ్డను ఏమని పిలుస్తుందో, ఏ మాట చెప్పి అన్నం తినిపిస్తుందో, జో కొట్టేటప్పుడు ఏం కూనిరాగం తీస్తుందో, ఆమె ఒప్పుకుంటే ఫోనులో రికార్డు చేసుకోండి.

బిడ్డ పడుకున్న దుప్పటి అడగండి, ఉతకనిదే అడగండి. బదులుగా హాలుకంతటికీ కొత్త దుప్పట్లు కొనివ్వండి. ఆ వాసన డాలస్ దాకా వెళ్లాలి.

అప్పగింతల రోజున బిడ్డను ఆఫీసరు చేతుల మీదుగా కాకుండా ఆయమ్మ చేతుల మీదుగా తీసుకోండి. ఆమెనే చెప్పమనండి: "అమ్మ వచ్చింది, నాన్న వచ్చాడు, నువ్వు వాళ్లతో వెళ్తున్నావు, నేను ఇక్కడే ఉంటాను." ఏడాది బిడ్డకు మాట అర్థం కాకపోవచ్చు. తనను సాకిన మనిషి మొహంలో ఒప్పుదల మాత్రం కనిపిస్తుంది. బిడ్డ నిద్రపోతున్నప్పుడు తీసుకెళ్తే గొడవుండదని కొందరు సలహా ఇస్తారు. అంతకంటే క్రూరమైన పని నాకు తెలియదు. నిద్రలేచేసరికి లోకం మారిపోయిన బిడ్డ ఇక నిద్రపోవడానికే భయపడుతుంది.

ఆయమ్మ ఏడుస్తుంది. ఏడవనివ్వండి. ఆ జీతానికి ఆమె చేసే చాకిరీకి లెక్కలేదు. పెంచిన ప్రతి బిడ్డనూ ఇలా గేటు దాకా సాగనంపుతుంది, లోపలికెళ్లి ఇంకో బిడ్డకు పాలు కలుపుతుంది. ఆ ఏడుపును చూసి "మా బిడ్డ మీద ఆమెకేం హక్కు" అనుకున్నవాళ్లను చూశాను. మీ బిడ్డను మీకంటే ముందు ఒకరు ప్రేమించారంటే అది మీ బిడ్డకు దక్కిన ఆస్తి. పెద్దయ్యాక "నన్ను చిన్నప్పుడు ఎవరు ఎత్తుకున్నారు?" అని అడిగితే చూపించడానికి ఆమెతో దిగిన ఫోటో మీ దగ్గర ఉండాలి.

3. ఏడ్చే బిడ్డను చూసి భయపడొద్దు

బ్రిటన్‌లో జేమ్స్, జాయిస్ రాబర్ట్‌సన్ అనే దంపతులు 1969లో ఒక డాక్యుమెంటరీ తీశారు. తల్లి కాన్పుకు ఆస్పత్రికి వెళ్తే 17 నెలల జాన్ అనే పిల్లవాడు 9 రోజులు శిశుశాలలో ఉంటాడు. మొదట నర్సుల ఒళ్లో చోటు వెతుక్కుంటాడు. వేళకొకరు మారిపోతుంటారు. ఏడుస్తాడు, తిండి మానేస్తాడు. తల్లి వచ్చి ఎత్తుకోబోతే ఆమెనే తోసేస్తాడు. తొమ్మిది రోజులకే ఒక బిడ్డకు అంత జరిగితే, మన బిడ్డలు తెలిసిన మనుషులందరినీ ఒక్కరోజులో పోగొట్టుకుంటారు. ఏడవరా మరి?

రాత్రి రెండింటికి లేచి గుక్కపట్టి ఏడుస్తుంటే, ఎత్తుకుని నెమ్మదిగా నడవండి. "ఏడవకు" అనొద్దు. "ఆయమ్మ గుర్తొచ్చిందా, నేనున్నాను" అనండి. ఆ పేరు బిడ్డ దగ్గర ఎత్తకపోతే మరిచిపోతుందని అనుకుంటారు. పేరు ఎత్తకపోతే మరిచిపోవడం ఉండదు, ఆ బెంగ ఎవరికీ చెప్పుకోకూడదని మాత్రం నేర్చుకుంటుంది.

నాకు దిగులు పుట్టించేది ఏడవని బిడ్డ. ఎక్కడ పెడితే అక్కడ కూర్చుని, పెట్టింది తిని, పడుకోబెడితే పడుకునే బిడ్డ. "ఎంత బుద్ధిమంతురాలో" అని మురిసిపోతారు. ఏడ్చినా ఎవరూ రారని నేర్చుకున్న పిల్ల అలా ఉంటుంది. అలాంటి బిడ్డ మూడోవారంలో మొదటిసారి మీకోసం ఏడిస్తే సంతోషించండి.

4. ఎవరి దగ్గరికైనా వెళ్లే బిడ్డ

ఇది కూడా మురిసిపోయే విషయం కాదు. లండన్ నర్సరీల్లో పెరిగిన పిల్లలను బార్బరా టిజార్డ్ 1970లలో ఏళ్ల తరబడి గమనించింది. కొత్తవాళ్లతో అతిగా చనువుగా ఉండటం వాళ్లలో చాలామందికి ఉందని రాసింది. మా దగ్గరా అంతే. పుట్టినరోజులకు కేకులూ చాక్లెట్లూ పట్టుకుని దాతలు వస్తుంటారు. ఎవరొచ్చినా పరుగెత్తుకెళ్లి కాళ్లు పట్టుకున్న పిల్లకే ముందు చాక్లెట్ దక్కుతుంది. పిల్లలు అది నేర్చుకుంటారు.

అందుకని ఈ వారాల్లో అన్నం పెట్టడం, నీళ్లు పోయడం, కడగడం, నిద్రపుచ్చడం, దెబ్బ తగిలితే ఎత్తుకోవడం మీ ఇద్దరి చేతుల మీదుగానే జరగాలి. మూడో మనిషి వద్దు.

మూడో మనిషి అంటే మన ఇళ్లలో అమ్మమ్మే, నానమ్మే. ఎన్నేళ్లుగానో మనవరాలి కోసం ఎదురుచూసిన మనిషి. "నా మనవరాలిని నేను ఎత్తుకోకూడదా?" అని కళ్లనీళ్లు పెట్టుకుంటుంది. ఆమెను దూరం పెట్టొద్దు, పని అప్పజెప్పండి. రాగి జావ ఆమె కాచాలి, పప్పు మెత్తగా ఆమె ఉడకబెట్టాలి, మీరు తినిపించాలి. పలకరించడానికి వచ్చే చుట్టాలను గుమ్మంలో ఆపి, కాఫీ ఇచ్చి, బిడ్డను చూపించకుండా సాగనంపే పని ఆమె చేసినంత బాగా ఎవరూ చేయలేరు. బిడ్డ నేలమీద ఆడుతుంటే పక్కన కూర్చోవచ్చు, నవ్వించవచ్చు. ఒళ్లు మాత్రం కొన్నాళ్లు అమ్మదీ నాన్నదీ. ఇంటిపెద్దగా ఆమె ఈ మాట చెబితే మిగతా చుట్టాలు కూడా వింటారు. నేను ఆ అమ్మమ్మలతో, నానమ్మలతో విడిగా కూర్చుని మాట్లాడేదాన్ని. కారణం చెబితే ఒప్పుకోని అమ్మమ్మ లేదు.

5. నాన్నలకు

శిశుగృహలో సాకేవాళ్లంతా ఆడవాళ్లే. మీసాలున్న మొహం, బొంగురు గొంతు బిడ్డ దగ్గరగా చూసి ఉండకపోవచ్చు. టీకా వేసిన డాక్టరే గుర్తుండొచ్చు. మిమ్మల్ని చూసి కెవ్వుమంటే మనసు కష్టపెట్టుకోకండి. నేలమీద పక్కకు తిరిగి కూర్చోండి, కళ్లలోకి చూడకండి, చేతిలో గిన్నె, చెంచా పెట్టుకుని మీ పాటికి మీరు చప్పుడు చేస్తూ ఆడుకోండి. బిడ్డే వస్తుంది. కొన్నిసార్లు దీనికి తలకిందులుగా జరుగుతుంది, నాన్నను వదలదు, అమ్మను దగ్గరికి రానివ్వదు. అప్పుడు అమ్మకు ఇదే మాట.

6. తిండి

ఎంత పెట్టినా తింటూనే ఉంటుంది. బుగ్గలో ముద్ద దాచుకుని నిద్రపోతుంది. దిండు కింద బిస్కెట్టు దొరుకుతుంది. వరసలో కూర్చుని వేళకు పెట్టింది తినే చోట పెరిగిన బిడ్డకు, అడిగితే మళ్లీ దొరుకుతుందన్న నమ్మకం ఉండదు. పళ్లెం లాక్కోకండి, "అజీర్తి చేస్తుంది" అని కసరకండి. చెయ్యి అందేచోట అరటిపండో, ఇడ్లీ ముక్కో ఎప్పుడూ ఉండేలా చూడండి. నిద్రపోయే ముందు బుగ్గలో ముద్ద లేదని చూసుకోండి, గొంతుకు అడ్డం పడుతుంది.

రెండేళ్లొచ్చినా నమలడం రాని పిల్లలుంటారు, మెత్తటి తిండే అలవాటు కాబట్టి. నమలలేదని కంగారుపడకుండా మెల్లిగా నేర్పండి. తెలంగాణ అంగన్‌వాడీల్లో ఇచ్చే బాలామృతం చాలామంది పిల్లలకు తెలిసిన రుచి. గోధుమ, శనగపప్పు, పాలపొడి, చక్కెర కలిపిన ఆ పిండి మీకు చప్పగా అనిపించొచ్చు, బిడ్డకు అది ఇంటి రుచి. మీరు తెచ్చిన ఖరీదైన డబ్బా పాలు ఒక్కసారిగా మొదలుపెడితే విరేచనాలు పట్టుకోవచ్చు, అవి తగ్గేసరికి వారం పోతుంది.

పిల్లల డాక్టరుకు మీరుగా చూపించండి. రక్తహీనత, మలపరీక్ష, హెపటైటిస్ బి, గజ్జి ఇవన్నీ చూడమనండి. టీకాల కార్డు అసలుది తీసుకోండి. మన దగ్గర పుట్టగానే బీసీజీ వేస్తారు, అమెరికాలో మామూలుగా వేయరు. చర్మం మీద చేసే టీబీ పరీక్ష బీసీజీ వల్ల కూడా పాజిటివ్ రావచ్చు. కార్డు చూపించి, రెండేళ్లు దాటిన బిడ్డకైతే రక్తపరీక్ష చేయమని అక్కడి డాక్టరును అడగండి.

7. పేరు

కాగితాల మీద మీరు ముచ్చటపడ్డ పేరు రాయించుకోండి. పిలిచేటప్పుడు ఈ వారాల్లో పాత పేరుతోనే పిలవండి. బిడ్డ తనదని చెప్పుకోగలిగినది ఆ పేరొక్కటే.

8. మాట

తెలుగు బిడ్డ తెలుగు అమ్మానాన్నల చేతికి వస్తే మాటకు లోటుండదు. కానీ దత్తత దేశం మొత్తానికీ కలిపి కేంద్ర ప్రభుత్వ దత్తత సంస్థ కారా ద్వారా జరుగుతుంది కాబట్టి, మన దంపతులకు ఒడిశా బిడ్డ రావచ్చు, మహారాష్ట్ర బిడ్డ రావచ్చు. అలాంటప్పుడు ఆ వారాలు ఆ ఊళ్లోనే గడుపుతారు. ఆకలి, నీళ్లు, నొప్పి, నిద్ర, భయం, రా, ఇక్కడే ఉన్నాను - ఈ మాటలు ఒడియాలోనో మరాఠీలోనో ముందే నేర్చుకుని వెళ్లండి.

చిన్నపిల్లలు పుట్టిన భాషను చాలా త్వరగా మాట్లాడటం మానేస్తారు. అయినా ఏదో మిగులుతుంది. చైనాలో పుట్టి, పసితనంలోనే మాంట్రియల్‌లోని ఫ్రెంచి మాట్లాడే ఇళ్లకు దత్తత వెళ్లిన అమ్మాయిలను పరీక్షించి 2014లో కొందరు శాస్త్రవేత్తలు ఒక విషయం ప్రకటించారు. చైనా భాష ఒక్క ముక్క రాని ఆ పిల్లల మెదడు ఆ భాష స్వరాలు విన్నప్పుడు, ఆ భాష మాట్లాడేవాళ్ల మెదడులాగే స్పందించింది. కాబట్టి బిడ్డ విన్న భాషలో పాటలో కథలో రికార్డు చేసుకుని వెళ్లండి. అర్థం తెలియకపోయినా ఇంట్లో వినిపిస్తూ ఉండండి.

9. బిడ్డ కథ ఇక్కడే ఉంది, ఇప్పుడే పోగుచేయండి

దీనికోసం నేను ఎంత పోరినా తక్కువే. దొరికిన బిడ్డ అయితే అసలువాళ్లు ఎవరైనా ఉన్నారేమో తెలుసుకోవడానికి ఫోటోతో పేపర్లో ప్రకటన వేస్తారు. చాలామంది పిల్లలకు పసికందుగా ఉన్న ఫోటో అదొక్కటే. ఆ ముక్క జిరాక్సు అడగండి. ఇవ్వడానికి వీలున్న ప్రతి కాగితమూ అడగండి. ఏ ఆస్పత్రి, ఏ పోలీస్ స్టేషన్, బిడ్డను పెట్టి వెళ్లేందుకు ఉంచిన ఏ ఊయల దగ్గర దొరికిందో తెలిస్తే ఒకసారి వెళ్లి ఆ వీధి చూసి రండి. గేటు, వేపచెట్టు, ఎదురుగా ఉన్న టీకొట్టు, అన్నీ ఫోటో తీయండి. పదిహేనేళ్లకు ఆ వీధి అలా ఉండదు.

కన్నతల్లి కోసం మాత్రం మీరు ఆరా తీయకండి. ఆమె వివరాలు రహస్యంగా ఉంచాలని చట్టం చెబుతుంది. తన మూలాలు తెలుసుకోవడానికి సొంతంగా దరఖాస్తు చేసుకునే హక్కు 18 ఏళ్లు నిండాక మీ బిడ్డకే వస్తుంది. అది ఆ బిడ్డ తలుపు, తట్టాలో వద్దో తనే తేల్చుకోవాలి. బిడ్డను రాసిచ్చిన తల్లి అయితే, మనసు మార్చుకోవడానికి ఆమెకు చట్టం 2 నెలల గడువు ఇచ్చిందన్న సంగతి గుర్తుపెట్టుకోండి. ఆ రెండు నెలలు ఆమె ఎలా గడిపిందో మనకు తెలియదు. "వదిలేసింది" అనే మాట ఇంట్లో వాడకండి.

కాగితాల మీద నాకింత పట్టుదల ఎందుకంటే, 1999లో, మళ్లీ 2001లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో లంబాడీ తండాల్లో ఆడపిల్లలను కొని విదేశీ దత్తతలకు పంపుతున్నారన్న కేసులు బయటపడ్డాయి. ఆ కాలంలో వెళ్లిన పిల్లలు ఇవాళ పెద్దవాళ్లై, తమ ఫైలులో రాసింది నిజమో కాదో తెలియక నలుగుతున్నారు. పిల్లలను ఇచ్చి పుచ్చుకునే దేశాలు రెండూ నిజాయితీగా ఉండాలనే 1993లో హేగ్ ఒప్పందం వచ్చింది, భారతదేశం 2003లో దాన్ని ఆమోదించింది. ఇప్పుడు కలెక్టరు దత్తత ఉత్తర్వు, హేగ్ ఒప్పందం ప్రకారం కారా ఇచ్చే ధ్రువపత్రం, కొత్త జనన ధ్రువపత్రం, పాస్‌పోర్టు అన్నీ మీ చేతికి వస్తాయి. ప్రతిదాని మీదా పేరు, పుట్టినతేదీ ఒకేలా ఉన్నాయో లేదో ఊరు దాటకముందే చూసుకోండి. ఒక అక్షరం తేడాతో నెలలు పోతాయి.

అమెరికాకు వెళ్లేవాళ్లు పౌరసత్వ పత్రాన్ని భద్రంగా దాచండి. దత్తత పిల్లలకు పౌరసత్వం దానంతట అదే వచ్చేలా చేసిన చట్టం అక్కడ 2001 ఫిబ్రవరి 27న అమల్లోకి వచ్చింది. ఆనాటికే 18 నిండినవాళ్లకు అది వర్తించలేదు. పెళ్లయి పిల్లలు పుట్టాక తమకు పౌరసత్వం లేదని తెలుసుకున్నవాళ్లు ఉన్నారు.

10. చుట్టాల మాటలు

"ఎంత పుణ్యం చేసుకున్నారమ్మా." "ఎంత అదృష్టవంతురాలో, ఏకంగా అమెరికా." "ఎవరి బిడ్డో ఏమో." "కొంచెం చామనఛాయ." "కులం తెలిసిందా?"

ఈ మాటలు బిడ్డ ముందు పడకూడదు. మూడేళ్ల బిడ్డకు గొంతులో జాలి తెలుస్తుంది. దత్తత దానం కాదు. మీకు బిడ్డ కావాలనిపించింది, తెచ్చుకున్నారు. అదృష్టం ఎవరిదని వెతికితే మీది. ఆ బిడ్డ మీ దాకా రావడానికి ముందే కన్నతల్లిని పోగొట్టుకుంది, పెంచిన ఆయమ్మను పోగొట్టుకుంది. పాస్‌పోర్టు రంగు మారినంత మాత్రాన అదృష్టవంతురాలు అయిపోదు. కులం అడిగినవాళ్లకు "మా అమ్మాయండీ" అని చెప్పి ఊరుకోండి. రెండోసారి అడిగితే గుమ్మం చూపించండి, అది మేనమామ అయినా సరే.

11. ప్రేమ ఆలస్యంగా రావచ్చు

ఏళ్లపాటు ఎదురుచూసి, బిడ్డ చేతికి వచ్చాక, స్నానాల గదిలో తలుపేసుకుని ఏడ్చే తల్లులను చూశాను. "ఎవరి బిడ్డనో చూసుకుంటున్నట్టు ఉంది ఆంటీ" అంటారు గొంతు తగ్గించి. కన్నతల్లికీ ఇలా ఉంటుంది. నిద్ర లేదు, ఊరు కాని ఊరు, బిడ్డ దగ్గరికి రానివ్వదు. ప్రేమ కోసం ఎదురుచూడకుండా పనులు చేస్తూ పోండి. నీళ్లు పోయండి, అన్నం పెట్టండి, పక్కన పడుకోండి. చేసేకొద్దీ వస్తుంది. వారాలు గడిచినా దిగులు తగ్గక, లేవబుద్ధి కాక, తినబుద్ధి కాకపోతే డాక్టరు దగ్గరికి వెళ్లండి, ఊరుకోవద్దు. సెలవు లేదని ఒకరు ముందే వెళ్లిపోయి ఒకరే ఇక్కడ మిగిలిపోయే ఏర్పాటు వీలైతే చేసుకోకండి.

12. ప్రయాణం, ఆ తర్వాత

అమెరికా వీసా కోసం ఢిల్లీ వెళ్లేటప్పుడు బిడ్డకు విమానం, హోటలు అలవాటవుతాయి. ఆ ప్రయాణాన్ని సెలవులా ఆగ్రా చూడటానికి వాడుకోకండి. సముద్రాలు దాటే రోజున ఉతకని ఆ దుప్పటి చేతిసంచిలో ఉండాలి. విమానం లేచేటప్పుడు, దిగేటప్పుడు పాలో నీళ్లో తాగించండి, చెవి నొప్పి తగ్గుతుంది. డాలస్‌కూ మనకూ పదిన్నర, పదకొండున్నర గంటల తేడా. అక్కడ దిగాక ఒక నెలపాటు ఇక్కడ ఏది ఎలా చేశారో అక్కడా అలాగే చేయండి. అదే పప్పన్నం, అదే లైటు, పక్కన మీరు. విమానాశ్రయానికి బెలూన్లు పట్టుకుని ఎవరూ రావొద్దని స్నేహితులకు ముందే చెప్పండి.

మొదటి ఏడాది మూడు నెలలకోసారి, రెండో ఏడాది ఆరు నెలలకోసారి బిడ్డ ఎలా ఉందో అక్కడి సంస్థ నివేదిక పంపాలి. "అంతా బాగుంది" అని ఒక్కముక్కలో చెప్పి పంపించేయకండి. నిద్రపోవడం లేదంటే లేదనే చెప్పండి, కొరుకుతుంటే కొరుకుతోందనే చెప్పండి. సాయం అక్కడి నుంచే మొదలవుతుంది, తర్వాత వచ్చే దంపతులకు ఏం చెప్పాలో మాలాంటి వాళ్లకూ తెలుస్తుంది. నివేదికతో పాటు ఇంకో ఫోటో ప్రింటు వేయించి, వెనక బిడ్డ పేరు రాసి, ఆయమ్మకు ఇవ్వమని సంస్థకు విడిగా పంపండి. ఫైలులో పెట్టే ఫోటో ఆమె దాకా రాదు.